అమ్మకు పడదు... మరి పాపాయికి?

అమ్మకు దుమ్ము పడదు. నాన్నకు చలికాలం వచ్చిందంటే ఉబ్బసం. మేనత్త రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లు. అలాంటి ఇంట్లో నెలలు నిండుతున్న కోడలుంటే అందరిదీ ఒకటే బెంగ... ‘ఇవన్నీ పుట్టబోయే బిడ్డకూ వస్తాయా?’ అని. రాకుండా ఉండాలంటే ఏవేవి మానాలా అని లెక్కలు వేసుకుంటారు. నిజానికి ఇప్పుడు వైద్యులు చెబుతున్నది మానే వాటి గురించి కాదు, పెట్టే వాటి గురించి!

తెలుగువాళ్లకు అలర్జీ అన్న మాట కొత్తేమో గానీ ఆ జబ్బు కొత్త కాదు. ‘నాకు వంకాయ పడదు’, ‘వాడికి చల్లగాలి పడదు’ అని తాతల నాటి నుంచీ అనుకుంటున్నదే. ఒంటికి హాని చేయని పదార్థాన్ని కూడా శత్రువనుకుని రోగనిరోధక వ్యవస్థ యుద్ధానికి దిగడమే అలర్జీ. ఆ తొందరపాటు గుణం కుటుంబాల్లో దిగివస్తుందన్న మాట వాస్తవమే. వైద్యులు ఉజ్జాయింపుగా చెప్పే లెక్క ఇదీ... తల్లిదండ్రుల్లో ఒకరికి అలర్జీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 20 నుంచి 40 శాతం. ఇద్దరికీ ఉంటే 40 నుంచి 60 శాతం. అంటే ఇద్దరికీ ఉన్నా రాకపోయే పిల్లలు బోలెడంతమంది ఉంటారన్నమాట. ఆ మాట అంటే ఇంట్లో పెద్దలు నమ్మరు, అది వేరే సంగతి.

ఇంకో ముఖ్య విషయం. వారసత్వంగా వచ్చేది ఆ గుణమే గానీ అదే అలర్జీ కాదు. అమ్మకు రొయ్యలు పడకపోతే పాపకూ రొయ్యలే పడకూడదని లేదు. పాపకు ఏమీ రాకపోవచ్చు, లేదంటే గుడ్డు పడకపోవచ్చు, ముక్కు కారడంతో సరిపోవచ్చు. చాలామంది పిల్లల్లో ఇది ఓ వరసలో నడుస్తుంది. ముందు పసితనంలో బుగ్గల మీదా మోచేతి, మోకాలి మడతల్లోనూ ఎర్రగా దురదపెట్టే ఎగ్జిమా. తర్వాత తిండి అలర్జీ. బడికెళ్లే వయసుకు తుమ్ములు, ఉబ్బసం. ఆ వరసకు తలుపు తీసేది చర్మమే. 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘ఫిలాగ్రిన్’ అనే ప్రొటీన్ జన్యువులో లోపముంటే ఎగ్జిమా ముప్పు పెరుగుతుందని గుర్తించారు. గోడకు సిమెంటు ఎలాగో చర్మం పైపొరకు ఫిలాగ్రిన్ అలాగ. అది తక్కువైతే లోపలి తడి బయటికి పోతుంది, బయటి పదార్థాలు లోపలికి వస్తాయి. ఆ లోపలికి రావడంలోనే ఉంది అసలు కథంతా.

మూడేళ్ల దాకా పల్లీలొద్దన్నారు!

1998లో బ్రిటన్ ప్రభుత్వం అలర్జీలున్న కుటుంబాల్లోని గర్భిణులూ బాలింతలూ వేరుశనగలు తినకపోవడం మంచిదని సలహా ఇచ్చింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం మరో అడుగు ముందుకేసింది. ముప్పు ఎక్కువున్న పిల్లలకు ఏడాది నిండేదాకా పాల పదార్థాలు, రెండేళ్ల దాకా గుడ్డు, మూడేళ్ల దాకా పల్లీలూ చేపలూ పెట్టొద్దంది. వినడానికి సబబుగానే ఉంది కదా! తల్లులు తూచా తప్పకుండా పాటించారు. మరి అలర్జీలు తగ్గాయా? లేదు. అమెరికాలో 1997లో పిల్లల్లో 0.4 శాతంగా ఉన్న పల్లీల అలర్జీ 2008కి 1.4 శాతమైందని టెలిఫోన్ సర్వేల్లో తేలింది. ఆ ఏడాదే అమెరికా వైద్యులు తమ సలహాను వెనక్కు తీసుకున్నారు. మరుసటి ఏడాది బ్రిటన్ కూడా.

ఈ మలుపు వెనక ఓ ఆసక్తికరమైన సంఘటన ఉంది. లండన్ కింగ్స్ కాలేజీలో పిల్లల అలర్జీ నిపుణుడైన డాక్టర్ గిడియన్ ల్యాక్ ఓసారి ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో వైద్యుల సదస్సులో మాట్లాడారు. ‘పల్లీల అలర్జీ ఉన్న పిల్లల్ని మీలో ఎంతమంది చూశారు?’ అని అడిగితే హాలు మొత్తమ్మీద లేచిన చేతులు రెండో మూడో. అదే ప్రశ్న లండన్‌లో వేస్తే దాదాపు అందరూ చెయ్యెత్తుతారు! ఆ తేడా ఎందుకన్న అనుమానంతో ల్యాక్ బృందం రెండు దేశాల్లోని యూదు పిల్లల్ని పరిశీలించింది. పూర్వికులు ఒకటే, జన్యువులూ దగ్గరివే. అయినా బ్రిటన్‌లో 1.85 శాతం మందికి పల్లీల అలర్జీ ఉంటే ఇజ్రాయెల్‌లో 0.17 శాతమే. పదింతల తేడా! 2008లో వచ్చిన ఆ అధ్యయనంలో కొట్టొచ్చినట్టు కనిపించిన విషయం ఒక్కటే. ఇజ్రాయెల్‌లో పళ్లు రాకముందు నుంచే పిల్లల చేతికి ‘బంబా’ ఇస్తారు. మొక్కజొన్న పిండిని పొంగించి వేరుశనగ ముద్ద పట్టించిన చిరుతిండి అది, మన దగ్గర మురమురాల్లా నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. అక్కడి పిల్లలు ఏడాది లోపే పల్లీల రుచి చూస్తుంటే, లండన్ పిల్లలు వాటికి దూరంగా పెరుగుతున్నారు.

అయితే ఒక దేశం పిల్లలు తింటున్నారు, అలర్జీ తక్కువుంది అన్నంత మాత్రాన అది రుజువైపోదు. అందుకే ‘లీప్’ అనే ప్రయోగం మొదలుపెట్టారు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నవాళ్లూ, గుడ్డు పడనివాళ్లూ... అంటే అందరికన్నా ముప్పు ఎక్కువున్న 640 మంది చంటిపిల్లల్ని ఎంచుకున్నారు. అందరి వయసూ నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య. ముందుగానే పరీక్ష చేసి, అప్పటికే పల్లీలకు గట్టిగా స్పందిస్తున్నవాళ్లను పక్కన పెట్టారు. మిగిలినవాళ్లలో సగం మందికి వారానికి కనీసం మూడుసార్లు వేరుశనగ ఆహారం పెట్టారు, సగం మందికి ఐదేళ్లు వచ్చేదాకా దాని వాసన కూడా తగలనివ్వలేదు. 2015లో ఫలితాలొచ్చాయి. పల్లీలు మానినవాళ్లలో 17.2 శాతం మందికి అలర్జీ వస్తే, తిన్నవాళ్లలో 3.2 శాతానికే వచ్చింది. వైద్యరంగంలో ఇంత తేడా చూపించే ప్రయోగాలు అరుదు. ఆ పిల్లల్నే పదమూడేళ్ల వయసు దాకా గమనించి 2024లో మళ్లీ లెక్క చెప్పారు. పెద్దయ్యాక తిన్నా మానినా, చిన్నప్పుడు తిన్నవాళ్లకు ఆ రక్షణ చెక్కుచెదరలేదు.

2017లో అమెరికా మార్గదర్శకాలు పూర్తిగా మారిపోయాయి. 2003లో మనవడి పురిటికని న్యూజెర్సీ వెళ్లిన అమ్మమ్మకు ‘మూడేళ్ల దాకా పల్లీ చట్నీ నాకించొద్దు’ అని చెప్పి ఉంటారు. ఇప్పుడు వెళ్లే అమ్మమ్మకు ‘ఆరో నెలలో పల్లీలు మొదలుపెట్టారా?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఫలితమూ కనిపిస్తోంది. అక్కడి మూడేళ్లలోపు పిల్లల్లో పల్లీల అలర్జీ మునుపటికన్నా 40 శాతానికి పైగా తగ్గిందని 2025లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది.

నోటితో స్నేహం... చర్మంతో పేచీ

తింటే అలర్జీ రావాలి గానీ తగ్గడమేమిటి? ల్యాక్ చెప్పే వివరణ ఇది. ఆహారం నోటి ద్వారా పొట్టలోకి వెళ్తే శరీరం దాన్ని తిండిగా గుర్తుపట్టి సర్దుకుపోతుంది. అదే ఆహారం పగిలిన చర్మం గుండా లోపలికి వెళ్తే దొంగలా కనిపిస్తుంది, ఒళ్లు ఆయుధాలు సిద్ధం చేసుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లంతా పల్లీలు తింటూ, ఆ చేతులతోనే బిడ్డను ఎత్తుకుంటూ, బిడ్డ నోటికి మాత్రం అందకుండా చూస్తే జరిగేది సరిగ్గా రెండోదే. 2003లో ల్యాక్ బృందం బ్రిటన్‌లో దాదాపు 14 వేల మంది పిల్లల వివరాలు జల్లెడ పట్టినప్పుడు కూడా, పసితనంలో వేరుశనగ నూనె కలిసిన పూతలు రాసిన పిల్లల్లో పల్లీల అలర్జీ ఎక్కువగా కనిపించింది.

ఈ మాట వినగానే తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేది నలుగు! నువ్వులనూనె పట్టించి శనగపిండితోనో పెసరపిండితోనో రుద్ది, కాళ్ల మీద పడుకోబెట్టుకుని బిడ్డకు నీళ్లు పోయడం మన పెద్దవాళ్ల చేతి విద్య. చర్మం ఆరోగ్యంగా ఉన్న బిడ్డ విషయంలో కంగారు పడక్కర్లేదు. నలుగు వల్ల అలర్జీ వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు కూడా. కానీ ఎగ్జిమాతో చర్మం ఎర్రబడి, పొట్టు లేచి, రసి కారుతున్న బిడ్డకు మాత్రం పిండీ వద్దు, రుద్దుడూ వద్దు. గరుకు పిండి అసలే బలహీనమైన పొరను ఇంకాస్త గీరేస్తుంది. పైగా నువ్వులూ శనగలూ తిండి పదార్థాలే, అవి చేరాల్సింది పొట్టలోకి. అలాంటి పిల్లలకు మరీ వేడి కాని నీళ్లతో కాసేపే స్నానం చేయించి, తడి పూర్తిగా ఆరకముందే డాక్టరు చెప్పిన వాసన లేని క్రీము రాయాలి. రాసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ముఖ్యంగా పల్లీల పచ్చడితో ఇడ్లీ తిని లేచాక!

అలాగని రోజూ క్రీము రాస్తే ఎగ్జిమాయే రాదనుకుంటే పొరపాటు. ఆ ఆశతోనే బ్రిటన్‌లో 1,394 మంది నవజాత శిశువులతో ఓ పెద్ద ప్రయోగం చేశారు. మొదటి ఏడాదంతా క్రీము రాసినా ప్రయోజనం లేదని 2020లో తేలింది. క్రీము ఉన్న ఎగ్జిమాకు ఉపశమనమే తప్ప రాబోయేదానికి అడ్డుకట్ట కాదు. ఇక ‘స్టెరాయిడ్’ అన్న పేరు వింటేనే ట్యూబు మూల పడేసే తల్లిదండ్రులు చాలామంది. డాక్టరు చెప్పినంత, చెప్పినన్ని రోజులు వాడితే బిడ్డకు దురద తగ్గి నిద్రపడుతుంది, చర్మం మూసుకుంటుంది. వాడకుండా వదిలేసిన ఎగ్జిమా వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

అన్నప్రాశన ముహూర్తం బాగుంది

మన పెద్దలు మగపిల్లలకు ఆరో నెలలో, ఆడపిల్లలకు ఐదో నెలలో అన్నప్రాశన చేస్తారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలర్జీ నిపుణులేమో ముప్పున్న పిల్లలకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్యే పల్లీలు మొదలుపెట్టొచ్చంటారు. ఎటు చూసినా ఆరో నెల అందరికీ సమ్మతమే. చిక్కల్లా అన్నప్రాశన అయ్యాక వస్తోంది. ఆ రోజు పాయసం నాకించి, ఆ తర్వాత నెలల తరబడి బియ్యపు ఉగ్గుతోనే సరిపెడుతున్నారు. గుడ్డు ‘వేడి’ అనీ, పల్లీలు ‘పైత్యం’ అనీ, పెరుగు ‘జలుబు’ అనీ ఏడాది దాటించేస్తున్నారు.

మరి ఎలా మొదలుపెట్టాలి? ముందు ఉగ్గో, మెత్తని పప్పన్నమో, అరటిపండు గుజ్జో అలవాటు కానివ్వాలి. బిడ్డ తల నిలిపి కూర్చుంటూ, చెంచా చూస్తే నోరు తెరుస్తుంటే సిద్ధమైనట్టే. తర్వాత పల్లీల వంతు. పుచ్చులూ బూజు పట్టినవీ ఏరి పారేసి, దోరగా వేయించి, పొట్టు తీసి, పలుకు లేకుండా మెత్తగా పొడి కొట్టాలి. ఆ పొడిని ఉగ్గులోనో పెరుగులోనో పల్చగా కలపాలి. మొదటిసారి చెంచా కొనకు అంటినంతే నాకించి పది నిమిషాలు ఆగాలి. ఏమీ కాకపోతే మిగతాది నెమ్మదిగా తినిపించి రెండు గంటలు బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. బిడ్డ హుషారుగా ఉన్న రోజున, పొద్దుటి పూట, ఇంట్లో పెట్టడం మంచిది. జ్వరం వచ్చినప్పుడూ, టీకా వేయించిన రోజూ వద్దు. వందమంది బంధువులొచ్చిన ఫంక్షన్ హాల్లో తలా ఓ చెంచా నోట్లో పెట్టే వేళ అసలే వద్దు... దద్దుర్లు వస్తే దేనివల్లో ఎవరికి తెలుస్తుంది?

ఒకసారి పడ్డాక ఆపకూడదు. తినిపించడం ఎంత ముఖ్యమో, కొనసాగించడం అంతే ముఖ్యం. లీప్ ప్రయోగంలో పిల్లలు తిన్నది వారానికి సుమారు 24 గ్రాముల పల్లీలకు సమానం. రెండేసి చెంచాల చొప్పున వారానికి మూడుసార్లు ఉగ్గులో కలిపితే చాలు. అనంతపురం జిల్లా ఇళ్లలో ఇదేమంత కొత్త వంటకం కాదు. పలుకులుగా మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు. గింజ గొంతుకు అడ్డుపడితే ప్రాణానికే ముప్పు, ఐదేళ్లు వచ్చేదాకా ఆ జాగ్రత్త తప్పదు.

గుడ్డుదీ ఇదే దారి. ఎగ్జిమా ఉన్న 147 మంది పిల్లలతో జపాన్‌లో చేసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. ఓ పక్క ఎగ్జిమాకు గట్టిగా వైద్యం చేస్తూ, ఆరో నెల నుంచి బాగా ఉడికించిన గుడ్డు పొడిని రోజూ చిటికెడంటే చిటికెడు పెట్టారు. ఏడాది నిండేసరికి గుడ్డు తిన్నవాళ్లలో 8 శాతం మందికీ తిననివాళ్లలో 38 శాతం మందికీ గుడ్డు అలర్జీ కనిపించింది. తేడా మరీ ఎక్కువుండటంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇక్కడ కిటుకల్లా ఉడికించడంలోనే ఉంది. పచ్చిగుడ్డు, సగం ఉడికినది పనికిరాదు. గట్టిగా ఉడికిన గుడ్డును చిదిమి అన్నంలో కలపాలి. గుడ్డు ముట్టని ఇళ్లలో పెరుగు, నువ్వుల పొడి, గోధుమ జావ, పల్లీలు ఎలాగూ ఉంటాయి. ఇంట్లో అందరూ ఏది తింటారో అదే బిడ్డకు ముందుగా పరిచయం చేయాలన్నది సూత్రం. చేపలు తినేవాళ్లు ముళ్లు ఏరి, ఉడికించి పెట్టొచ్చు. ఒకదానికీ మరోదానికీ మధ్య రెండు మూడు రోజులు ఎడం ఉంటే చాలు. ఏడాదిలోపు వద్దనేది ఒక్క తేనె. అది అలర్జీ వల్ల కాదు, అందులో ఉండగల బొటులిజం క్రిముల వల్ల. ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులుగా ఇవ్వడం కూడా ఏడాది నిండాకే.

తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, అప్పటికే గుడ్డు పడలేదని తెలిసినా ఈ ప్రయోగాలు ఇంట్లో చేయకూడదు. ముందు పిల్లల డాక్టరుకు చూపించాలి. పరీక్ష చేసి, అవసరమైతే ఆసుపత్రిలోనే మొదటి చెంచా పెట్టిస్తారు.

బాలింత పథ్యం... డబ్బాపాల ముచ్చట

గర్భిణి పల్లీలు మానేస్తే, బాలింత గుడ్డూ చేపా మానేస్తే బిడ్డకు అలర్జీ రాదన్న నమ్మకానికి ఆధారమేదీ దొరకలేదు. అసలే మన దగ్గర బాలింత పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో నెట్టుకొచ్చే తల్లులున్నారు. దానికి అలర్జీ భయం తోడైతే మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? తల్లికి స్వయంగా పడనిది ఉంటే అది మానాలి. అంతకుమించి పథ్యం అక్కర్లేదు.

తల్లిపాల మేలు చెప్పాలంటే ఇక్కడ చోటు చాలదు. తిండి అలర్జీని మాత్రం అవి పూర్తిగా ఆపగలవని ఎవరూ అనడం లేదు. అయితే పుట్టిన తొలిరోజుల్లో పట్టే డబ్బాపాల గురించి ఓ మాట చెప్పుకోవాలి. అలర్జీలున్న కుటుంబాల్లో పుట్టిన 312 మంది శిశువుల మీద జపాన్‌లో జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. కనీసం మొదటి మూడు రోజులు ఆవుపాల పొడితో చేసిన పాలు పట్టకుండా ఉంటే, ఆ పాలకు ఒళ్లు ఎదురు తిరిగే లక్షణం తగ్గిందని అందులో తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషనయిన తల్లికి ఇంకా పాలు పడలేదంటూ మొదటి రోజే డబ్బా తెప్పించే అలవాటు ఈ కుటుంబాల్లోనైనా మానాలి. కాస్త ఓపికపట్టి బిడ్డను మళ్లీ మళ్లీ రొమ్ముకు పట్టిస్తే పాలు పడతాయి. వైద్య కారణాలతో పోతపాలు తప్పనిసరైతే అపరాధ భావం అక్కర్లేదు గానీ, ‘అలర్జీ రానివ్వని పాలపొడి’ అంటూ ఖరీదైన డబ్బా చూపిస్తే జాగ్రత్తపడాలి. సగం విడగొట్టిన ప్రొటీన్లతో చేసే ఆ పొడులు అలర్జీని ఆపుతాయనడానికి తగిన ఆధారాలు లేవని 2016లో నిపుణులు పాత అధ్యయనాలన్నీ తిరగేసి చెప్పారు.

పొగ ఒద్దు... మట్టి ముద్దు

స్నానం కాగానే బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టడం చాలా ఇళ్లలో ఉంది. ఆ వాసన హాయిగానే ఉంటుంది. కానీ ఉబ్బసం ఉన్న ఇంట్లో పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే... సాంబ్రాణి, దోమల బిళ్ల, కట్టెల పొయ్యి, తాతగారి చుట్ట. గర్భంలో ఉన్నప్పుడూ పుట్టాకా సిగరెట్ పొగ పీల్చిన పిల్లల్లో పిల్లికూతలు ఎక్కువన్నది ఎన్నో అధ్యయనాల్లో నిలిచిన నిజం.

ఇంటిని ఆసుపత్రిలా కడగడం వల్ల మేలేమీ లేదు. అమెరికాలో ఆమిష్, హటరైట్ అని రెండు వ్యవసాయ తెగలున్నాయి. మూలాలు దగ్గరివే, తిండీ దాదాపు అదే. ఆమిష్‌లు గుర్రాలతో దున్నుతారు, ఇంటి పక్కనే పశువుల పాక. హటరైట్లవి యంత్రాల సేద్యం, పశువులు దూరంగా ఉంటాయి. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం ఉన్నట్టు 2016లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. పాకలోని దుమ్ముతో వచ్చే సూక్ష్మజీవుల పదార్థాలే ఆ రక్షణకు కారణమని పరిశోధకుల అభిప్రాయం. సెలవులకు అమ్మమ్మ ఊరెళ్లి దూడతో ఆడుకునే మనవడిని చూసి ఉలిక్కిపడక్కర్లేదన్నమాట. మురుగు కాల్వ సంగతి కాదు ఇది, పశువులున్న పెరటి సంగతి! పెరట్లో వయ్యారిభామ మొక్కలుంటే మాత్రం పూత రాకముందే పీకించాలి, చేతికి తొడుగు వేసుకుని మరీ.

టెస్టులో వచ్చింది... మానిపించాలా?

వందల రకాల ఆహారాలకు ఒకేసారి రక్తపరీక్ష చేస్తామనే ప్యాకేజీలు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. బిడ్డకు ఏ ఇబ్బందీ లేకపోయినా ముందు జాగ్రత్తని చేయిస్తున్నారు. రిపోర్టులో పాలు, గోధుమ, కందిపప్పు అని పెద్ద జాబితా వస్తే అన్నీ ఆపేస్తున్నారు. కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసిన ఓ అధ్యయనం వివరాలు 2016లో వచ్చాయి. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి స్పందన కనిపించినవాళ్లు 26 శాతానికి పైనే. నిజంగా తిండి అలర్జీ ఉండొచ్చనిపించినవాళ్లు 1.2 శాతమే! పరీక్షలో గీత కనిపించడం వేరు, తింటే ఒంటికి పడకపోవడం వేరు. తింటూ హాయిగా ఉన్న పదార్థాన్ని రిపోర్టు చూసి ఆపేస్తే, కొన్ని నెలల తర్వాత మళ్లీ పెట్టినప్పుడు నిజమైన అలర్జీ బయటపడిన సందర్భాలున్నాయి. బిడ్డ బరువు తగ్గడం అదనపు నష్టం.

అసలైన అలర్జీ అయితే దాగదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపే తెలుస్తుంది. మూతి చుట్టూ రెండు ఎర్రమచ్చలొచ్చి పోతే ఆ పదార్థాన్ని ఆపి డాక్టరును అడగాలి. పుల్లటివి, మసాలాలు తగిలినా అలా కందడం మామూలే. ఒంటినిండా దద్దుర్లు, పెదాలూ కళ్లూ ఉబ్బడం, అదేపనిగా వాంతులు, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయి వేలాడిపోవడం... వీటిలో రెండు కలిసి కనిపించినా, ఊపిరి తీయడం కష్టమైనా, బిడ్డ సోలిపోయినా క్షణం ఆలస్యం చేయకూడదు. 108కి ఫోన్ చేయాలి. బిడ్డను నిటారుగా ఎత్తుకుని పరుగెత్తకుండా పడుకోబెట్టే తీసుకెళ్లాలి. ఊపిరాడకపోతే మాత్రం కాస్త తల ఎత్తి పట్టుకోవచ్చు. ఆ సమయంలో ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే. ఇంట్లో ఉన్న జలుబు సిరప్ దానికి ప్రత్యామ్నాయం కాదు. ఏం తినిపించారో, ఎన్ని గంటలకు తినిపించారో ఓ చీటీ మీద రాసి పట్టుకెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.